అవతారశబ్దము – కథాక్రీడలు

ఈ వ్యాసమునకు విషయము ‘అవతార’ మను నొక్క పదము. ఇది పాణినీయమున బావిమెట్లకుఁ బేరు. పురాణములందు భగవంతుఁడు దాల్చిన రూపములకుఁ బేరు. తెలుఁగు ప్రబంధములందు ‘అవతారిక’ యను రూపమున గ్రంథద్వారమునకుఁ బేరు. నేఁడు భూమండలమంతటను గంప్యూటరు నాటలాడువారు తెరపైఁ దమకు బదులుగా నడచు మూర్తికిఁ బెట్టుకొన్న పేరు. ఈ నాలుగవ యర్థము శబ్దమునకుఁ గలిగిన పతనమని పండితులు కొందఱు తలంతురు. అది పతనము గాదనియు, శబ్దము తన మొదటి యర్థమునకు మఱలి వచ్చుటయే యనియు, ఆ మఱలి వచ్చుటకు 1985వ సంవత్సరమున వెలువడిన యొక కథాక్రీడ ముఖ్యకారణమనియుఁ జూపుట నా యుద్యమము. ప్రసంగవశమున నట్టి యాటల చరిత్రమును, వానిని జిరకాలముగా నాడుచున్నవాని యనుభవమును గొంత చెప్పవలసియున్నది. ఆ యాడుచున్నవాఁడను నేనే యగుటచే సాక్ష్యమునకై దూరము పోవలసిన పని లేదు.

నేను విజయనగరమున సంస్కృతవ్యాకరణము చదువుకొన్నవాఁడను. తాతా సుబ్బరాయశాస్త్రిగారివంటి మహావైయాకరణుల కీర్తి నిలిచిన పట్టణమది. నాకు సిద్ధాంతకౌముది చెప్పిన గురువుగారు సాయంకాలములందు శిష్యులను వెంటఁబెట్టుకొని పోయి, అయ్యకోనేటి మెట్లపైఁ గూర్చుండి, నాఁటి పాఠమును జింతన చేయించుచుండెడివారు. 1989వ సంవత్సరమున నొకనాఁడు కృదంతప్రకరణమున అవతారశబ్దమును సాధించు సూత్రము వచ్చెను. ఉదాహరణ మేమని నే నడుగఁగా వారు క్రింది మెట్టును జేతికఱ్ఱతోఁ దట్టి, “ఇదేరా ఉదాహరణము. దానిమీఁదనే కూర్చున్నావు” అనిరి.

ఆ వేసవి సెలవులలో నేను విశాఖపట్టణమునకు మా మేనమామగారి యింటికిఁ బోయితిని. అచ్చట నొక కంప్యూటరుండెను. మా బావ దానిలో ‘అల్టిమా’ యను వరుసలోని నాలుగవ యాటను నాకుఁ జూపెను. ఆ యాటకు ‘అవతారాన్వేషణము’ అని తెనిఁగింపఁదగిన యుపనామము గలదు. నెల దినములలో నొకే పదమును రెండు విధముల వింటిని. సెలవులు ముగిసి వచ్చిన పిదప నుత్సాహము పట్టఁజాలక ఆ సంగతి గురువుగారితోఁ జెప్పితిని. వారు వెంటనే వామనుని కావ్యాలంకారసూత్రములను స్మరించిరి. ‘అవతర’ మని హ్రస్వముగాఁ బలుకవలసినచోట దీర్ఘము పలుకుట బాలుర వ్యత్యాసమని వామనుఁడు శబ్దశుద్ధిప్రకరణమునఁ జెప్పియున్నాఁడు. “మాటయు బాలురది, ఆటయు బాలురది. సరిపోయినది. దానిని విడిచి శేఖరము చదువుకొమ్ము” అని వారు నవ్విరి. నా కప్పుడు మాఱుపలుకు తోఁపలేదు. శేఖరము చదివితిని, ఆటను మాత్రము విడువలేదు. మఱల నా ప్రసంగమును వారియొద్ద నెత్తను లేదు, పండితగోష్ఠులలో నెవ్వరికిఁ జెప్పను లేదు. వారు కీర్తిశేషులైరి. ఈ వ్యాసము మూఁడు దశాబ్దములకుఁ బైఁగా జాగు చేసి యిచ్చుచున్న ప్రత్యుత్తరము.

శబ్దవ్యుత్పత్తి

‘తౄ’ ధాతువునకు దాఁటుట, ఈఁదుట యర్థములు. ‘అవ’ యను నుపసర్గము చేరఁగా దిగుట యర్థమగును. తీర్థశబ్దమును నీ ధాతువునుండి పుట్టినదే. రేవునకుఁ దీర్థమని పేరు వచ్చుట నీఁట దిగువారికి నది దారి యగుటచేతనే.

ౠకారాంతధాతువులకు భావార్థమున ‘అప్’ ప్రత్యయము సామాన్యముగా వచ్చును. కావున దిగుట యను క్రియామాత్రమును జెప్పునపుడు ‘అవతరము’ అను హ్రస్వరూపమే న్యాయ్యము. వామనుని యాక్షేపమునకు మూల మిదియే. కాని పాణిని తృతీయాధ్యాయమున, తృతీయపాదమున, 120వ సూత్రముచే ‘అవ’ పూర్వకములైన ‘తౄ’, ‘స్తౄ’ ధాతువులకు ‘ఘఞ్’ ప్రత్యయమును వేఱుగా విధించినాఁడు. ఈ విధి కరణాధికరణార్థములందుఁ బ్రవర్తించును. అనఁగా దేనిచేత దిగుదురో, దేనియందు దిగుదురో, ఆ వస్తువును జెప్పునపుడు. అప్పుడు వృద్ధి కలిగి ‘అవతారము’, ‘అవస్తారము’ అను దీర్ఘరూపములు సిద్ధించును. వ్యాఖ్యాతలు మొదటిదానికి బావి మొదలగువానిలోనికి దిగు దారిని, రెండవదానికి జవనికను, అనఁగాఁ దెరను, ఉదాహరించిరి.

చదువరు లిచ్చట నొక్కింత నిలువఁ గోరెదను. మెట్లును దెరయు నొకే సూత్రమున జతగూడినవి. నేఁటి యాటలయందుఁ దెర యొకటి కలదు. ఆ తెరలోని లోకమునకు దిగుటకు సాధనమైన శరీర మొకటి కలదు. ఈ జత కాకతాళీయమే. పాణిని కంప్యూటరు నెఱుఁగఁడని నాకునుఁ దెలియును. అయినను శబ్దార్థనిర్ణయమునకుఁ గావలసిన మూలసూత్రము మాత్రము కాకతాళీయము గాదు. దీర్ఘయుక్తమైన అవతారశబ్దమునకు శాస్త్రోక్తమైన యర్థము దిగుట కాదు, దిగుటకు సాధనము.

పురాణప్రయోగము నిట్లే సమర్థింపవచ్చును. మత్స్యకూర్మాదులలో భగవంతుఁ డే రూపముచే లోకమునకు దిగెనో యా రూప మవతారమని కరణార్థము చెప్పినచో దోషము లేదు. ప్రబంధములందలి అవతారికయును నిట్టిదే. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కృతిపతివర్ణనము మొదలగువానిచేఁ జదువరిని మెల్లఁగా గ్రంథములోనికి దించునది యది. ఇఁక మా శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతపు టిండ్లలో మట్టిగొట్టుకొని వచ్చిన పిల్లవానిఁ జూచి తల్లి “ఏమిటా అవతారం?” అని గదుమును. అచ్చటను అవతారమనఁగాఁ దాల్చిన వేషమే. వ్యవహారము శాస్త్రమును మఱచియు శాస్త్రార్థమును మఱవలేదు.

శబ్దప్రవాసము

పదునెనిమిదవ శతాబ్ది చివర వంగదేశమున నున్న ఆంగ్లపండితుల వ్రాఁతలద్వారా ఈ శబ్దము ఇంగ్లీషుభాషఁ జేరెను. పందొమ్మిదవ శతాబ్దిలో సంస్కృతవిద్య యూరపునఁ బ్రబలినకొలఁది దాని వాడుక పెరిగెను. ఆ విద్యావ్యాప్తికి మా పట్టణముయొక్క సాయము గొంత కలదని చెప్పుకొనుట యనుచితము గాదు. మాక్సు ముల్లరు పరిష్కరించిన ఋగ్వేదభాష్యముయొక్క ద్వితీయముద్రణము 1890–92 సంవత్సరములలో విజయనగరమహారాజగు ఆనందగజపతిరాజుగారి ద్రవ్యసాహాయ్యముచే వెలువడినది.

ఫ్రెంచి రచయిత తెయోఫిల్ గోత్యే 1856లో ‘అవతార్’ అను పేరుతోనే యొక కథ వ్రాసెను. భారతదేశమున యోగవిద్య నభ్యసించి వచ్చిన వైద్యుఁ డొకఁడు ఇద్దఱి యాత్మలను దారుమారు చేయఁగా, ఒకఁ డింకొకని శరీరమున సంచరించుట యందలి వృత్తాంతము. మనవారు దానిని పరకాయప్రవేశమందురు గాని అవతారమనరు. అయినను నొక సంగతి గమనింపఁదగినది. దేవుఁడు దిగివచ్చుట యను నర్థమునుండి, మనుష్యుఁ డన్యశరీరమున సంచరించుట యను నర్థమునకు శబ్దము పాశ్చాత్యభూమిలో నప్పటికే యొక యడుగు వేసినది. రెండవ యడుగు వేయించినవి యాటలు.

కథాక్రీడల పుట్టుక

కథాక్రీడ యని నేను వాడుచున్న మాటకు లక్షణము చెప్పవలెను. ఆడువాఁ డొక పాత్రను దాల్చును. ఆ పాత్ర యొక లోకమునఁ దిరిగి, మనుష్యులతో మాటలాడి, పనులు చేసి, ఫలము లనుభవించును. కథ ముందునకు సాగుట యాడువాని నిర్ణయములమీఁద నాధారపడును. ఇంగ్లీషున వీనిని రోల్ ప్లేయింగ్ గేములందురు.

ఇవి కంప్యూటరునఁ బుట్టినవి కావు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను నాటను బ్రకటించిరి. నలుగు రైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. ఒకఁడు కథకుఁడు, తక్కినవారు పాత్రధారులు. కథకుఁ డొక సన్నివేశమును జెప్పును. ‘నే నిది చేసెద’ నని యొక్కొక్కఁడు పలుకును. జయాపజయములు పాచికలచేఁ దేలును. మన పరిభాషలోఁ గథకుఁడు సూత్రధారుఁడు, పాచికలు దైవము, పాత్రధారి పలుకు పురుషకారము.

మన యిండ్లలోని వైకుంఠపాళికిని దీనికిని భేద మిచ్చటనే కలదు. పరమపదసోపానపటమునందును బుణ్యపాపములు గలవు. నిచ్చెనలు గలవు, పాములు గలవు. కాని గవ్వ యెట్లు పడిన నట్లు కాయ నడువవలసినదే. అచ్చట దైవమే కాని పురుషకారము లేదు. సత్యము పలికినవాఁడును, బొంకినవాఁడును గవ్వలు పడినట్లే పోవుదురు.

బల్లమీఁది యీ యాట కంప్యూటరునకుఁ బ్రవేశించుటకు జాగు కాలేదు. ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ‘ప్లేటో’ యను విద్యాబోధనయంత్రవ్యవస్థ యుండెను. విద్యార్థులు దానిలో 1975 మొదలుకొని యిట్టి యాటలను రచించిరి. వానిలో 1979 నాఁటి దొకదానికి ‘అవతార్’ అనియే పేరు. కాని యా పేరునకుఁ దగిన తాత్పర్య మా యాటయందుఁ గానరాదు. అది ముఖ్యముగాఁ బెక్కురు గూడి భూగర్భమార్గములందు రాక్షసులను జంపు నాట. 1981లో ‘విజర్డ్రి’, ‘అల్టిమా’ యను రెండు వరుసలు మొదలైనవి. రెండవదానికిఁ గర్త రిచర్డ్ గ్యారియట్. అప్పటి కాయన యించుమించుగా నిరువదియేండ్ల ప్రాయమువాఁడు. జపానున 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’, 1987లో ‘ఫైనల్ ఫాంటసీ’ వెలసి యీ ప్రక్రియను ఖండాంతరములకు వ్యాపింపఁజేసినవి.

1985వ సంవత్సరపు కృతి

‘అల్టిమా’ మొదటి మూఁటియందును గథ యొకటే తీరు. దుష్టుఁ డొకఁడు లోకమును బీడించును. ఆడువాఁడు బలము సంపాదించి వానిని జంపును. ఆ బలసంపాదనలో నాడువారు ఊరివారిని దోఁచుటయు, నిరపరాధులను జంపుటయుఁ గలదు. ఫలము దక్కినఁ జాలునని యాట యూరకుండెడిది. గ్యారియట్ దీనిని గూర్చి చింతించెను. ఆడువాఁడు తన పనులకుఁ దానే యుత్తరవాదిగా నుండునట్టి కృతిని రచింపఁదలఁచెను. హిందూధర్మమును గూర్చిన గ్రంథములఁ జదువుచుండఁగా అవతారశబ్దము తనకు దొరకినదని యాయన చెప్పియున్నాఁడు. ఆ ఫలమే 1985 నాఁటి నాలుగవ యల్టిమా.

దానిలోఁ జంపవలసిన దుష్టనాయకుఁడు లేఁడు. ఆడువాఁడు ఎనిమిది గుణములను సాధింపవలెను. అవి సత్యసంధత, కరుణ, శౌర్యము, న్యాయము, త్యాగము, గౌరవము, ఆధ్యాత్మికత, వినయము. వీనికి మూలములు సత్యము, ప్రేమ, ధైర్యము నను మూఁడు. ఎనిమిదింటియందును సిద్ధి పొందినవాఁడు అవతారుఁ డనిపించుకొని, పరమజ్ఞానగ్రంథమును దర్శించుటకై కడపటి గుహకు దిగును.

ఆరంభము మిక్కిలి విచిత్రమైనది. ఇతరక్రీడలయందు ఆడువాఁడు వీరుఁడనో మాంత్రికుఁడనో తన వేషమును దానే కోరుకొనును. ఇందు సోదెచెప్పునట్టి స్త్రీ యొకతె ప్రశ్నలడుగును. రెండు ధర్మములు పరస్పరము విరోధించునపుడు నీ వేది పట్టుదువు? సత్యము చెప్పినఁ గరుణకు భంగము. కరుణ చూపిన న్యాయమునకు భంగము. మన యుత్తరములనుబట్టి పాత్ర నిర్ణీతమగును. నాకు వినయము మిగిలి గొఱ్ఱెలకాపరి వేషము వచ్చెను. పాత్రలలో మిక్కిలి దుర్బలుఁడు వాఁడే యని మా బావ పకపక నవ్వెను. ధర్మశాస్త్రమున ధర్మసంకటములు చదివినవాఁడనే గాని, ‘నీ వేమి చేయుదువు?’ అని నన్నెవ్వరు నంతకుముం దడుగలేదు.

కథామధ్యమున మూలికలమ్ము గ్రుడ్డివర్తకు లుందురు. వెల యింతయని చెప్పి, ఎంత యిచ్చెదవని యడుగుదురు. తక్కువ యిచ్చినను వారికిఁ గనఁబడదు; సరకు దక్కును; ఎవ్వరు నేమియు ననరు. కాని సత్యసంధత లోలోపలఁ దఱుగును. బిచ్చగానికి దానము చేసినఁ గరుణ పెరుగును. యుద్ధమున వెన్నిచ్చి పాఱినచో శౌర్యము తఱుగును. ఈ లెక్కలేవియుఁ దెరపైఁ గనఁబడవు. రాజు కోటలోనున్న యొక జ్ఞానివృద్ధునొద్దకుఁ బోయి యడిగినచో నే గుణమున నీ వెట్లున్నావో యతఁడు చెప్పును. గుణమున కొక్కటిగా ఎనిమిది దేవళములు గలవు. వానిలో మంత్రమును జపించి ధ్యానింపవలెను. ఆధ్యాత్మికతకు విధించిన మంత్రము ఓంకారము.

ఊరివారితో సంభాషణము పదములను టైపు చేయుటచే జరుగును. పేరేమి, వృత్తి యేమి యని యడిగినచో వారి యుత్తరములో నింకొక పదము దొరకును. దానిని బట్టి మఱియొకటి యడుగవలెను. యంత్రము పదమునందలి మొదటి నాలుగక్షరములను మాత్రమే గ్రహించును. ప్రత్యయములతోఁ దనకుఁ బని లేదు. వ్యాకరణవిద్యార్థి కింతకన్న నవమానము వేఱొకటి లేదు. అయినను నా యింగ్లీషు చాలవఱకు ఆ పల్లెవారితో మాటలాడి నేర్చినదే. పటము నొక నోటుపుస్తకమున గళ్లు గీసి వ్రాసికొంటిని. ఆ పుస్తక మిప్పటికిని నాయొద్దఁ గలదు. ఒకవైపు గుహామార్గములు, మఱియొకవైపు షత్వణత్వవిధులు.

ఇందు అవతారశబ్దమున కర్థ మేమి? ఆడువాఁడు దేవుఁడు గాఁడు. అతఁ డే రూపముచే నా లోకమునకు దిగెనో యా రూపమే యవతారము. ఆ రూపము చేసిన పనికి ఫలభాక్కు మాత్రము తానే. కరణార్థము పరిశుద్ధముగా నిచ్చట నిలిచినది. వామనుఁ డాక్షేపించిన దీర్ఘ మీ బాలురయందు నిర్దుష్టమైనది.

మఱుసటి యేఁడు, 1986లో, లూకస్‌ఫిల్మ్ సంస్థవారు ‘హాబిటాట్’ అను బహుజనక్రీడను బరీక్షార్థము తెఱచిరి. దాని కర్తలగు చిప్ మార్నింగ్‌స్టార్, ర్యాండీ ఫార్మర్ అనువారు తెరపై నాడువానికి బదులుగాఁ దిరుగు బొమ్మను అవతారమని వ్యవహరించిరి. 1992లో నీల్ స్టీఫెన్‌సన్ రచించిన ‘స్నో క్రాష్’ అను నవల యీ వాడుకను లోకప్రసిద్ధము చేసెను. నేఁడు పేరు ప్రక్కన నుంచు చిన్నబొమ్మకును అవతారమనియే పేరు. శబ్దములు రూఢికెక్కినకొలఁది బరువు తగ్గుట సహజము. కాని గ్యారియట్ వాడుకలో నా బరువు పూర్ణముగా నుండినదని చరిత్రకారుఁడు గుర్తింపవలెను.

మన కథకులు – శ్రోతలు

పాత్రలోనికి దిగు విద్య మా ప్రాంతమునకుఁ గొత్త గాదు. అజ్జాడలో 1864లో జన్మించి, 1945లో దివంగతులైన ఆదిభట్ల నారాయణదాసుగారు విజయనగరమును హరికథకుఁ బుట్టినిల్లు చేసిరి. చిడతలు పట్టి, కాలి గజ్జెలతో, ఒక్కరే రాజు, రాణి, భక్తుఁడు, భగవంతుఁడు నగుదురు. జముకులకథలు చెప్పువారును దూర్పుభాగవతు లాడువారును మా పల్లెలలో నీ విద్యను బోషించిరి. కాని వీనియందుఁ బాత్రలోనికి దిగువాఁడు కథకుఁడు. శ్రోత గట్టుననే యుండును.

గట్టున నున్న శ్రోతకుఁ గలుగు వేదన బొబ్బిలికథ విన్నవా రెఱుఁగుదురు. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగరప్రభువు పెదవిజయరామరాజును బొబ్బిలికోటను ముట్టడించిరి. రంగారావు పక్షమువారు కోటలోని స్త్రీలను శిశువులను దమచేతులతోనే చంపికొని, పోరాడి మడిసిరి. కొన్ని దినములకుఁ దాండ్ర పాపారాయుఁడు రాత్రివేళ గుడారమునఁ జొచ్చి విజయరామరాజును జంపెను. చిన్ననాఁట నేనీ కథ విన్న ప్రతిసారియు, సంధిమాటలు నడచు ఘట్టమున, ఈ యొక్కసారి యెవ్వరైన నింకొక మాట యందురేమో యని యెదురుచూచెడివాఁడను. కథకుఁడు నావైపుఁ జూడక ముందునకు సాగెడివాఁడు. విజయనగరమువాఁడనైన నేను బొబ్బిలికై యేడ్చితిని. కాని యే పక్షమునందును నేనేమి చేయుదు నను ప్రశ్న నాకు రాలేదు. శ్రోత కా ప్రశ్నతోఁ బని లేదు.

కథాక్రీడ చేసిన నూతనకార్య మిదియే. శ్రోతకు మెట్లు కట్టినది.

పిమ్మటి కృతులు

తరువాతి చరిత్రమునుండి రెండు కృతులను మాత్రము పేర్కొందును. 1999లో వెలువడిన ‘ప్లేన్‌స్కేప్ టార్మెంట్’ అనుదానికిఁ గథాకర్తలలో ముఖ్యుఁడు క్రిస్ అవలోన్. నాయకుఁడు పేరును జ్ఞాపకమును లేక శవశాలలో మేల్కొనును. వాఁడు చావు లేనివాఁడు. చచ్చిన ప్రతిసారియు మఱల లేచును. పూర్వజన్మముల వంటి పూర్వదశలలో వాఁడు చేసిన దుష్కృతములు లోకమునఁ బలుతావుల వానికై కాచుకొనియున్నవి. నే నెఱుఁగని పనికి నేను ఫలమేల యనుభవింపవలె నను ప్రశ్న మన కర్మసిద్ధాంతమున మొదటి పూర్వపక్షము. దానిని జదివినప్పటికంటె, నా చేతుల జరుగని ద్రోహమునకై యొకతె నా యెదుట నేడ్చుచుండఁగా నేమనవలయునో తోఁపక యర్ధరాత్రివేళఁ గూర్చున్నప్పుడు బాగుగా బోధపడినది. ఆ కృతియందలి పాఠము దాదాపు 8 లక్షల పదములని యందురు.

రెండవది 2019 నాఁటి ‘డిస్కో ఎలీసియం’. ఎస్తోనియాదేశీయుఁడగు రాబర్ట్ కుర్విట్జ్ అను నవలారచయిత దీనికిఁ బ్రధానకర్త. ఇందలి నాయకుఁడు తన్నుఁ దాను మఱచిన పోలీసు పరిశోధకుఁడు. తర్కము, సానుభూతి, అధికారము మొదలగు వాని 24 శక్తులు లోపలనుండి మాటలాడుచు, ఒకదాని నొకటి ఖండించుచు, వానికి సలహాలిచ్చును. పది లక్షల పదములకు మించిన యీ కృతిలోఁ గత్తిదూయుటకంటె మాటలాడుటయే పని. 1974లోఁ బాచికలతో మొదలైన ప్రక్రియ 45 ఏండ్లలో నంతఃకరణవిచారమువఱకు వచ్చినది.

పూర్వపక్షములు – సమాధానములు

ఇవి బాలుర వినోదములు, పండితుని కాలమునకుఁ దగవందురు. నాటకమును గూర్చియు, నవలను గూర్చియు నొకప్పుడు పెద్దలిట్లే పలికిరి. నేను సమర్థించునది ప్రక్రియనే గాని ప్రతికృతిని గాదు. ఈ క్రీడలలో నూటికిఁ దొంబది పునరుక్తిదోషదుష్టములు. ప్రబంధములలోను నట్టివి తక్కువ లేవు.

ధర్మమును నంకెలకు దించుట తగదందురు. ఇది బలమైన యాక్షేపము. పెక్కు క్రీడలలో మంచిపనికి నింత, చెడ్డపనికి నింత యని తెరపైఁ జూపుదురు. అప్పుడాడువాఁడు పుణ్యము చేయఁడు, బేరము చేయును. 1985 నాఁటి కృతి లెక్కను దాఁచినది. గ్రుడ్డివర్తకునకు సరియైన వెల యిచ్చువాఁడు ఫలమును జూచుకొని యీయఁడు. తరువాతివా రీ మర్మమును గొంద ఱెఱిఁగిరి, కొందఱు మఱచిరి.

ఇఁక మూఁడవది. ఆడువానికి స్వాతంత్ర్య మెక్కడిది? దారులన్నియు రచయిత ముందే వ్రాసినవి. రెండింటిలో నొకటి యెన్నుకొన్నను వాఁడు వ్రాసిన దానినే యెన్నుకొనుచున్నాఁడు గదా? ఈ ప్రశ్న నన్నుఁ జాలకాలము బాధించినది. సమాధానము కారకప్రకరణమున దొరకినది. స్వతంత్రుఁడే కర్త యని పాణిని నిర్వచనము. దానిని వెన్నంటియే, ఆ కర్తను బ్రేరేపించు ప్రయోజకునకును గర్తృసంజ్ఞ విధించినాఁడు. దేవదత్తుఁడు యజ్ఞదత్తునిచే నన్నము వండించునపుడు వండువాఁడు యజ్ఞదత్తుఁడే. ప్రేరణచే వాని కర్తృత్వము పోదు. పోయినచోఁ బ్రేరేపించుట యను మాటకే యర్థము లేదు, ఱాతిని దొరలించుట మాత్రమే యగును. క్రీడారచయిత ప్రయోజకకర్త, ఆడువాఁడు ప్రయోజ్యకర్త, అవతారము కరణము. మూఁడును వేఱువేఱు. రచయిత పొయ్యియు బియ్యము నిచ్చినాఁడు. అన్నము మాడ్చిన వాఁడను నేను. మనము పుట్టిన లోకమునందును దారులు మనము వేసినవి కావు గదా!

ఉపసంహారము

భారతీయులును నీ ప్రక్రియను జేపట్టిరి. పైరోడాక్టిల్ అను సంస్థవారు 2014లో వెలువరించిన ‘అన్‌రెస్ట్’ అను కథాక్రీడకుఁ బ్రాచీనభారతమును దలఁపించు భీమ్ర యను కల్పితనగరము రంగస్థలము. క్షామపీడితమైన యా నగరమున నాడువాఁడు పలువురి పాత్రలను గ్రమముగా దాల్చును. పుణెకుఁ జెందిన సంస్థ 2020లో వెలువరించిన ‘రాజి’ యందు దేవాసురకథలు గలవు. అయితే యది కథాక్రీడకంటె సాహసక్రీడ యనఁదగును. నే నాడినవానిలోఁ దెలుఁగు పలికిన పాత్ర యొక్కటియు నాకుఁ దారసిల్లలేదు. ఇది నా మనస్సున నున్న లోటు.

బొబ్బిలికథ యిట్టి కృతికిఁ దగినదని నా నమ్మకము. ఆడువాఁ డొకమాఱు బొబ్బిలికోటలోనికి, ఒకమాఱు విజయనగరపు గుడారములోనికి దిగవలెను. చరిత్రమున జరిగినది మాఱదు. ఆ రాత్రి యా మనుష్యుల కేమి తెలియును, ఏమి తెలియదు, ఏ మాట యనుటకు సాహసింపలేకపోయిరి యనునది బోధపడవలెను. అందులకు వలసిన సామగ్రి మన కథకుల నోళ్లలో నున్నది. జముకులకథలు చెప్పువారు తగ్గిపోవుచున్నారు. ఒకే ఘట్టమును శ్రీకాకుళమునందొక తీరునను, బొబ్బిలియందొక తీరునను జెప్పుట గలదు. ఆ పాఠాంతరములను సేకరించు పని మనవంటి పరిశోధనసంఘములది. గ్రంథపరిష్కర్తకుఁ బాఠాంతరములు చిక్కు. కథాక్రీడాకర్తకు నవి ధనము.

క్రీడలకును రక్షణ మావశ్యకమే. మా బావ నాకిచ్చిన డిస్కులు మా యింటి పెట్టెలో సముద్రపుగాలికి బూజుపట్టి, పదియేండ్లు నిండకమునుపే చదువరానివైనవి. మా తాతగారి తాటియాకు ప్రతు లదే పెట్టెలో నిప్పటికిని నిక్షేపముగా నున్నవి. కొత్తదగుటచే నిలుచు నని నమ్మరాదు.

ఇప్పటికిని విజయనగరము పోయినపుడు సాయంకాలమున అయ్యకోనేటియొద్దఁ గొంతసేపు కూర్చుండెదను. గురువుగారు చూపిన యుదాహరణము సరియైనది. మెట్లు దిగువానికే గాని నీటికిఁ గావు; దిగినవాఁడు తడియును; మఱల నా మెట్లమీఁదనే పైకి వచ్చును. బాలుర మాటను విడువుమని వారనినపుడు నేఁ జెప్పవలసిన యుత్తరము వారి చేతికఱ్ఱక్రిందనే యుండినది. దీనియందలి దోషములను బండితులు తెలిపినచోఁ గృతజ్ఞుఁడనై దిద్దుకొందును.